టెక్ సందేహాలు: తేలికైన యాంటీవైరస్ కావాలంటే ముందు ఉన్నవి తీసేయండి

"మాది ఎనిమిదేళ్ల నాటి కంప్యూటర్. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. కొన్నప్పుడు షాపువాళ్లు ఒక యాంటీవైరస్ వేసి ఇచ్చారు. ఏడాదికే దాని గడువు తీరింది. సంక్రాంతికి వచ్చిన మా అల్లుడు ఉచితంగా దొరికేది ఇంకొకటి వేసి వెళ్లాడు. ఇప్పుడు స్విచ్ వేసి, కాఫీ తాగి వచ్చినా తెర మీద బొమ్మలు పూర్తిగా రావు. బరువు లేని యాంటీవైరస్ ఏదైనా చెప్పండి."
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

మాస్టారూ, మీరు అడుగుతున్నది నాలుగో యాంటీవైరస్. గడువు తీరినది ఒకటి, అల్లుడుగారు వేసినది రెండోది, విండోస్‌తో పాటే వచ్చిన డిఫెండర్ మూడోది. వీటిలో డిఫెండర్‌కు కాస్త మర్యాద తెలుసు. బయటి యాంటీవైరస్ వచ్చిందని తెలియగానే తాను పక్కకు తప్పుకుంటుంది. మిగిలిన రెండింటికీ ఆ మర్యాద లేదు. మీరు ఏ ఫైలు తెరిచినా రెండూ దాన్ని తనిఖీ చేయాలని చూస్తాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, అదే జరుగుతోంది. పైగా గడువు తీరినదానికి కొత్త వైరస్‌ల సమాచారం అందదు. కాపలా పోయింది, బరువు మిగిలింది.

నమ్మకం కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ‘డిస్క్’ అనే వరుస చూడండి. కంప్యూటర్ ఆన్ చేసిన చాలాసేపటి వరకూ అక్కడ 100 శాతం కనిపిస్తుంటే మీ బాధకు మూలం దొరికినట్టే. ఆ వరుస తల మీద నొక్కితే డిస్కును ఎక్కువగా వాడుకుంటున్న ప్రోగ్రామ్‌లు పైకి వస్తాయి.

ఇక తీసివేత. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాకు వెళ్లి రెండు యాంటీవైరస్‌లనూ అన్ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని అంత తేలిగ్గా వదలవు, వేళ్లు లోపలే మిగులుతాయి. అలాంటివాటిని పూర్తిగా తుడిచేయడానికి పేరున్న కంపెనీలన్నీ తమ సైట్లోనే విడిగా ఒక చిన్న టూల్ ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సైటు నుంచే దించుకోండి. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే పనిలోకి వస్తుంది.

‘ఊరికే వచ్చినదానితో రక్షణ ఏముంటుంది’ అని మీ అల్లుడుగారు అనవచ్చు. పదేళ్ల కిందట నేనూ ఆ మాటే అనేవాణ్ని. విండోస్ 7లో డిఫెండర్ అంటే స్పైవేర్‌ను, అంటే దొంగచాటుగా మన సమాచారం లాగే ప్రోగ్రామ్‌లను మాత్రమే పట్టే అరకొర పరికరం. 2012లో విండోస్ 8తో అది పూర్తి యాంటీవైరస్ అయింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పరీక్షల్లో వెనకబెంచీలోనే ఉంది. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ అనే ప్రయోగశాల రక్షణకు, వేగానికి, వాడుక సౌలభ్యానికి ఆరేసి చొప్పున మొత్తం 18 మార్కులు వేస్తుంది. డిఫెండర్ చాలాకాలంగా అక్కడ పూర్తి మార్కులో, దాదాపు పూర్తి మార్కులో తెచ్చుకుంటోంది.

అయితే అన్నింటికన్నా తేలికైనది డిఫెండరే అని మాత్రం చెప్పను. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థ బరువును విడిగా కొలుస్తుంది. ఫైళ్లు కాపీ చేసి, జిప్ చేసి, ప్రోగ్రామ్‌లు ఎక్కించి, వెబ్‌సైట్లు తెరిచి, ఎక్కడ ఎంత ఆలస్యమైందో లెక్క కడుతుంది. అందులో డిఫెండర్ కన్నా తేలికైనవిగా తరచూ కనిపించేవి కే7, ఈసెట్, మెకాఫీ. కే7 మన పొరుగునే, చెన్నైలో 1991లో పుట్టిన కంపెనీ. డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే నెలరోజుల ట్రయల్ వేసి చూడండి. కానీ ఒకటే వేయండి. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది ధర చూడండి. ‘ఆటో రెన్యూవల్’ టిక్కు తీసేయడం మరవకండి.

నన్నడిగితే ఆ చందా డబ్బు ఎస్ఎస్‌డీకి, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కుకు పెట్టమంటాను. ఎనిమిదేళ్ల నాటి యంత్రం అంటున్నారు కాబట్టి, లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉండి ఉంటుంది. యాంటీవైరస్ పనంతా చిన్న చిన్న ఫైళ్లను చకచకా చదవడమే. హార్డ్ డిస్కుకు చేతకాని పని సరిగ్గా అదే. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టించి, ర్యామ్ 8 జీబీ చేయిస్తే ఏ యాంటీవైరస్ అయినా తేలిగ్గానే అనిపిస్తుంది.

ఇంకో సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటి వాడకందారులకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను సింక్ చేసుకుంటే అవి ఉచితం. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే వీలుంది. డిఫెండర్‌కు వైరస్ సమాచారం 2028 అక్టోబర్ దాకా అందుతుంది. అయినా విండోస్‌లోనే పడిన కన్నాన్ని యాంటీవైరస్ పూడ్చలేదు. ఈ నమోదు మాత్రం వాయిదా వేయకండి.

"షాపులో విండోస్ వేయించాను. ‘డిఫెండర్ జోలికి వెళ్లకు, అన్నీ సెట్ చేశాం’ అన్నారు. స్కాన్ చేస్తే వైరస్ ఏమీ లేదంటోంది. బ్రౌజర్ తెరిస్తే మాత్రం బెట్టింగ్ సైట్లు వాటంతటవే వస్తున్నాయి. మంచి యాంటీవైరస్ కొనాలా?"
- డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

‘జోలికి వెళ్లకు’ అన్నారు కాబట్టి ముందు అక్కడికే వెళ్లండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ‘మేనేజ్ సెట్టింగ్స్’ నొక్కి, పేజీ అట్టడుగుకు దిగండి. అక్కడ ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఉంటుంది. అంటే డిఫెండర్ చూడకుండా వదిలేయాల్సిన వాటి జాబితా. ఏ జాబితా అయినా ఖాళీగా ఉంటే దిగులు పడతాం. ఇది ఖాళీగా ఉంటేనే మంచిది. మీ జాబితాలో సి డ్రైవ్ మొత్తం ఉంటుందని నా అనుమానం.

కారణం చెబుతాను. డబ్బు కట్టని విండోస్‌ను అసలుదిగా చూపించడానికి కొందరు ఒక యాక్టివేటర్ వాడతారు. డిఫెండర్ దాన్ని చూడగానే పట్టి తుడిచేస్తుంది. రోజూ ఆ తలనొప్పి ఎందుకని సి డ్రైవ్‌నంతా మినహాయింపు జాబితాలో పెట్టేస్తారు. ఆ తర్వాత ఆకుపచ్చ టిక్కు వెలుగుతూనే ఉంటుంది, స్కాన్ ఎప్పుడూ ‘ఏమీ లేదు’ అనే చెబుతుంది. చూడొద్దన్నచోట చూడదు కదా! ఆ యాక్టివేటర్‌తో పాటు ఇంకేం వచ్చిందో దాన్ని వేసినవాళ్లకూ తెలిసి ఉండదు.

ఆ మినహాయింపును తీసేయండి. తర్వాత ‘స్కాన్ ఆప్షన్స్’లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే తనిఖీ జరుగుతుంది. పావుగంట పట్టవచ్చు. డిఫెండర్ నిజంగా మేలుకొని ఉందో లేదో తెలియాలంటే ఈకార్ పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాల ఫైలు, ఎవరికీ ఏ హానీ చేయదు. అన్ని యాంటీవైరస్‌లూ దాన్ని వైరస్‌గా గుర్తించాలన్నది ఒప్పందం. ఈకార్ సైటు నుంచి దాన్ని దించుకోబోతే డిఫెండర్ వెంటనే అడ్డుపడాలి. చడీచప్పుడూ లేకుండా దిగిపోయిందంటే మినహాయింపు ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నట్టే.

నిజానికి మీ విషయంలో నేను ఇంత శుభ్రంతోనూ తృప్తిపడను. ఫైళ్లు మరోచోట దాచుకుని, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించుకున్న విండోస్‌ను మళ్లీ మొదటి నుంచీ వేయించండి. యాక్టివేటర్ వద్దని ముందే గట్టిగా చెప్పండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోను నుంచి మార్చండి. ఇవేవీ చేయకుండా యాంటీవైరస్ కొంటే డబ్బు దండగ.

"తెర కింద మూలన ‘మీ కంప్యూటర్లో ఐదు వైరస్‌లున్నాయి, చందా ముగిసింది’ అని మాటిమాటికీ వస్తోంది. నేను ఏ చందా కట్టలేదు."
- గృహిణి, ఒంగోలు

అది వైరస్ కాదమ్మా, బ్రౌజర్ నోటిఫికేషన్. ఎప్పుడో ఒక సైటు ‘అలౌ’ నొక్కమని అడిగి ఉంటుంది, మీరు నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరవండి. అనుమతి ఉన్న సైట్లలో మీరెరగని పేర్లన్నీ తొలగించండి. అందులో కనిపించే నంబర్లకు ఫోను చేయవద్దు. ఇప్పటికే చేసి డబ్బు పంపి ఉంటే ఆలస్యం లేకుండా 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

"గ్రానైట్ ఫ్యాక్టరీ లెక్కలు ఇంటి దగ్గర టాలీలో రాస్తాను. యాంటీవైరస్ ఉంటే టాలీ నత్తనడక నడుస్తోంది. పని ఉన్నంతసేపు ఆపేయవచ్చా?"
- అకౌంటెంట్, చీమకుర్తి

ఆపవద్దు. పైన తిట్టిపోసిన మినహాయింపుల జాబితా సరిగ్గా ఇలాంటి అవసరానికే ఉంది. టాలీ డేటా ఉన్న ఒక్క ఫోల్డర్‌ను అందులో చేర్చండి. డ్రైవ్‌ను కాదు, డౌన్‌లోడ్స్‌ను అసలే కాదు. పూర్తి స్కాన్‌ను టాస్క్ షెడ్యూలర్‌లో మీ భోజనం వేళకు మార్చుకోండి. మినహాయించిన ఫోల్డర్‌కు కాపలా తగ్గుతుంది కాబట్టి సాయంత్రం లెక్కలు ముగించగానే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి బ్యాకప్ తీసి, కేబుల్ పీకేయండి. కేబుల్ తగిలించే ఉంటే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ మీ లెక్కలతో పాటు బ్యాకప్‌కూ తాళం వేసేస్తుంది.

"ఉచిత యాంటీవైరస్‌లు మన సమాచారాన్ని అమ్ముకుంటాయంటారు. నిజమేనా?"
- సింగరాయకొండ

అన్నీ అని అనలేం. అవాస్ట్ సంగతి మాత్రం రుజువైంది. వాడకందారుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్మినట్టు 2020లో బయటపడింది. జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ అవాస్ట్ చేత 1.65 కోట్ల డాలర్లు కట్టించే చర్య తీసుకుంది. ఉచితంగా ఇచ్చేవారు ఏదో ఒకచోట రాబట్టుకోవాలి. చాలామటుకు అది ‘డబ్బు కట్టి పెద్దది తీసుకోండి’ అనే ప్రకటనల రూపంలో ఉంటుంది. ఆ ప్రకటనలు కూడా మీ ర్యామ్‌నే తింటాయి.

"నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. పిల్లవాడి సర్టిఫికెట్లు అందులోనే ఉన్నాయి."
- ఆత్మకూరు

సర్టిఫికెట్లు ఎక్కడికీ పోలేదు, దాచేశారంతే. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే నడిచే పద్ధతిని విండోస్ 7 నుంచి ఆపేశారు. అందుకే ఇప్పటి వైరస్ మీ చేతనే తనను నొక్కించుకోవాలని చూస్తుంది. అసలు ఫైళ్లను దాచి, వాటి పేర్లతో నకిలీలు పెడుతుంది. కాబట్టి ఆ షార్ట్‌కట్‌లను ఒక్కదాన్నీ నొక్కవద్దు. ముందు పెన్‌డ్రైవ్ గుర్తు మీద కుడి మీట నొక్కి డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘వ్యూ’ తెరిచి, దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ అన్నచోట టిక్కు తీసేయండి. మీ ఫైళ్లు మసక గుర్తులతో కనిపిస్తాయి. కొన్నిసార్లు పేరు లేని ఫోల్డర్ ఒకటి ఉండి, అన్నీ అందులో ఉంటాయి. పత్రాలు, ఫొటోలు మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఈసారి ప్రింటుకు వెళ్లేటప్పుడు ఆ ఒక్క కాగితమే ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. చిన్న మీట ఉన్న రకం దొరికితే, రాయడానికి వీల్లేకుండా దాన్ని ‘లాక్’ వైపు జరిపి ఇవ్వండి.