టెక్ సందేహాలు: మూట ఎత్తే ఫోటో అలుక్కుపోకుండా, పాత ఫోటో పాడవకుండా

ఈ వారం వచ్చిన సందేహాల్లో సగానికి పైగా ఒకే దారిలో ఉన్నాయి. పెళ్లిళ్లు, టూర్ల ఫోటోల గురించి కాదు. బస్తాలు ఎత్తడం, లారీకి లోడు వేయడం, ఎయిర్‌పోర్టు ట్రాలీ నిండా సూట్‌కేసులు... ఇలాంటి ఫోటోల గురించే అడిగారు. వాటన్నిటినీ స్క్రాప్‌బుక్‌గా చేసి దాచుకోవాలట. నాకు భలే నచ్చింది. ఫోజు ఇచ్చి నిలబడితే ఎవరైనా ఒకేలా బిగుసుకుపోతారు. పనిలో ఉన్న మనిషికి కెమెరా గుర్తుండదు. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఈ ఫోటోలకే.

మా నాన్న మిర్చి యార్డులో ముఠా (హమాలీ) పని చేస్తారు. ఈ సీజన్‌తో మానేస్తానంటున్నారు. ఆయన టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తుంటే ఫోటోలు తీద్దామని వెళ్లాను. ఒక్కటీ సరిగ్గా రాలేదు. చేతులు, మొహం అలుక్కుపోయాయి. నా ఫోన్ కెమెరా 108 మెగాపిక్సెల్. లోపం ఎక్కడుంది?
*గుంటూరు నుంచి ఒక పాఠకుడు*

లోపం ఫోన్‌లో లేదండీ, షెడ్డులోని వెలుతురులో ఉంది. బయట ఎండ మండిపోతున్నా షెడ్డు కింద కెమెరాకి అది చీకటే. వెలుతురు చాలనప్పుడు ఫోన్ తనంతట తానే షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 30వ వంతు తెరిచి ఉంచినా చాలు, ఆలోపు మీ నాన్నగారి చెయ్యి అంగుళాల దూరం కదిలిపోతుంది. దానికి తోడు ఇప్పటి ఫోన్లు ఒక్క ఫోటో కోసం వరసగా నాలుగైదు తీసి కలిపేస్తాయి. కదలని గోడ అందంగా వస్తుంది, కదిలే మనిషికి రెండు మోచేతులు వస్తాయి.

కెమెరాలో ప్రో మోడ్ ఉంటే అందులోకి వెళ్లి షట్టర్ వేగం మీరే పెట్టండి. మూటతో నడుస్తున్న మనిషికి 1/250, మూటను ఒక్క ఊపున పైకి ఎత్తేటప్పుడు 1/500. వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్‌వోని ఆటోలో వదిలేయండి. అది 800కో 1600కో వెళ్తుంది, ఫోటోలో కాస్త గరుకు కనిపిస్తుంది. కనిపించనివ్వండి. గరుకుగా ఉన్న మొహాన్ని గుర్తుపట్టగలం, అలుక్కుపోయిన మొహాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నైట్ మోడ్ మాత్రం ఆపేయండి. 108 మెగాపిక్సెల్ మోడ్‌ని కూడా వాడొద్దు. అలాంటి సెన్సర్లు చాలావరకు మామూలు మోడ్‌లో తొమ్మిది చిన్న పిక్సెళ్లను కలిపి ఒకటిగా వాడుకుని 12 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తాయి. నీడలో అదే నయం.

ప్రో మోడ్ లేకపోతే షెడ్డు అంచుకి రండి. లారీ వెనక తలుపు దగ్గర ఒక పక్క నుంచి ఎండ పడుతుంది కదా, అక్కడ ఆటో మోడ్‌లో కూడా షట్టర్ వేగం దానంతట అదే పెరుగుతుంది. ఎండ ఆయన వెనక నుంచి కాకుండా పక్క నుంచి పడేలా చూసుకోండి, లేకపోతే మనిషి నల్లటి నీడలా వస్తాడు.

ఇంకొకటి, సెట్టింగుల కంటే ముఖ్యమైనది. టిక్కీ ఎత్తడం కాసేపు ఊరికే నిలబడి చూడండి. ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు, ఒక్క ఊపుతో పైకి లేపుతారు, మోసే మనిషి వంగి వీపు ఇస్తాడు. మూట అంత ఎత్తుకీ వెళ్లి వీపు మీదికి దిగే ముందు రెప్పపాటు ఆగుతుంది. ఆ ఎత్తులో వేగం దాదాపు సున్నా. అప్పుడు నొక్కితే 1/125 కూడా సరిపోతుంది. మన వేలు ఎప్పుడూ కాస్త ఆలస్యం కాబట్టి బర్స్ట్ వాడండి. ఐఫోన్‌లో షట్టర్ బటన్‌ని ఎడమ పక్కకి, శాంసంగ్‌లో కిందికి లాగి పట్టుకుంటే వరసగా తీస్తూ పోతుంది. తర్వాత ఒకటి ఉంచుకుని మిగతావి తీసేయొచ్చు. లారీకి ఆనించిన బల్ల మీద ఫోటో కావాలంటే ముందే ఆ బల్ల మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసుకుని, మనిషి అక్కడికి వచ్చేదాకా ఆగండి.

0.5 వైడ్ లెన్స్‌తో దగ్గరికెళ్లి తీయకండి, అంచుల్లో చేతులు సాగిపోతాయి. వెనక్కి జరిగి 2 ఎక్స్‌లో తీయండి. ఎలాగూ దారికి అడ్డం రాకూడదు. వీపు మీద నలభై కిలోలకి పైగా బరువుతో వచ్చే మనిషి మీకోసం ఆగలేడు. ఫోటోలో పడే మిగతా ముఠావాళ్లని కూడా ఒక మాట అడగండి, తీశాక చూపించండి, వాళ్ల ఫోన్లకీ పంపండి. చొక్కా లేకుండా పనిచేసేటప్పుడు తీసిన ఫోటో స్టేటస్‌లో పెడితే ఎవరికైనా ఇబ్బందే. లెన్స్ మీద మిర్చి దుమ్ము పేరుకుంటే ఫోటోలన్నీ మంచు పట్టినట్టు వస్తాయి. మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఆ గుడ్డతోనే కళ్లు తుడుచుకోకండి!

ఐకేపీ సెంటర్‌లో (ధాన్యం కొనుగోలు కేంద్రంలో) మా వడ్లు కాంటా వేసి లారీకి ఎత్తిన ఫోటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. పెద్ద సైజు ఆల్బమ్ చేయిద్దామంటే స్టూడియో ఆయన క్లారిటీ రాదన్నాడు. ఫోన్‌లో బాగానే కనబడుతున్నాయి కదా?
*సిద్దిపేట నుంచి ఒక పాఠకుడు*

ఆయన నిజమే చెప్పాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. ఫోన్ తెరకి అది చాలు. కాగితం మీద అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. అంటే 4x6 ప్రింటుకి 1200x1800 కావాలి. మీ దగ్గరున్నవి దాదాపు అంత ఉన్నాయి కాబట్టి ఆ సైజుకి ఢోకా లేదు. కానీ ఆల్బమ్‌లో 12x18 షీటు నిండా ఒకే ఫోటో వేయాలంటే 3600x5400 ఉండాలి. 1600 పిక్సెళ్లని 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 90 కూడా రావు.

ఫోటోలు తీసినవాళ్లని అసలు ఫైళ్లు అడగండి. ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కుదరకపోతే కనీసం హెచ్‌డీ గుర్తు నొక్కి పంపమనండి. అసలు ఫైలే లేదంటే షీటుకి ఆరేడు చిన్న ఫోటోలు వేయించుకోండి. కాంటా ఒకచోట, సంచి మూతి కుట్టడం ఒకచోట, హమాలీ భుజం ఒకచోట ఇలా పక్కపక్కన పేరిస్తే పెద్ద ఫోటో కంటే బాగుంటుందని నా అభిప్రాయం.

తేదీ సంగతి కూడా చూసుకోండి. వాట్సాప్ ఫోటోగా పంపితే అది తీసిన తేదీ, చోటు వివరాలు రాలిపోతాయి. ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరు మధ్యలో 20240512 లాంటి అంకెలు కనబడతాయి కదా, అది వాట్సాప్‌లో వచ్చిన తేదీ మాత్రమే. అదే రోజు పంపి ఉంటే సరే. కంప్యూటర్‌లో డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే, ఫైలు పేరులోని తేదీని ఫోటోలన్నిటికీ ఒకేసారి ఎక్కించొచ్చు.

మా నాన్నగారిది 1980ల్లో సొంత లారీ. ఇసుక, ఇటుక తోలేవారు. ఆ ఫోటోలు జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్‌లో అతికించి ఉన్నాయి. పేజీలు పసుపుపచ్చగా మారాయి, ఫోటోలు ఊడి రావడం లేదు. ఏఐ యాప్‌తో బాగు చేయిస్తే చాలా?
*రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు*

తొందరపడి పీకకండి. ముందు పేజీలు పేజీలుగానే ఫోటో తీయండి లేదా స్కాన్ చేయండి. ఊడదీసేటప్పుడు ఏ ఫోటో చిరిగినా ఒక కాపీ మిగులుతుంది. ఏ ఫోటో పక్కన ఏది ఉండేదో కూడా తెలుస్తుంది. ఆ వరస మీ అమ్మగారో నాన్నగారో కూర్చుని పెట్టినదే అయి ఉంటుంది, అదీ దాచుకోవలసిందే.

తర్వాత ప్లాస్టిక్ పొరను నెమ్మదిగా పైకి లేపి, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో మూల కింద దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ కిందికి రండి. మైనం పూయని దారం తీసుకోండి. నీళ్లు చల్లడం, ఆవిరి పట్టడం వద్దు. ఎక్కడైనా రాకపోతే అక్కడే ఆగి, ఫోటో చుట్టూ పేజీని కత్తిరించి అలాగే ఉంచేయండి. ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫోటో అయితే అసలు ముట్టుకోవద్దు, అద్దం పైనుంచే స్కాన్ చేయండి.

స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. 4x6 ఫోటోకి 2400x3600 పిక్సెళ్లు వస్తాయి, రెట్టింపు సైజు ప్రింటుకి కూడా సరిపోతుంది. స్కానర్ లేకపోతే గూగుల్ ఫోటోస్కాన్ యాప్ వాడండి. ఒక్కో ఫోటోని కొద్దిగా వేరే కోణాల్లో తీయించి, కలిపేటప్పుడు మెరుపు మచ్చల్ని తీసేస్తుంది. నెగిటివ్‌లు దొరికితే మాత్రం వాటినే స్కాన్ చేయించండి. ప్రింటు వెలిసిపోయినా నెగిటివ్‌లో వివరం ఉండే అవకాశం ఎక్కువ.

ఇక ఏఐ సంగతి. గీతలు, మరకలు తుడవడానికి, రంగు సరిచేయడానికి వాడుకోండి. మొహానికి క్లారిటీ ఇచ్చే యాప్‌లతోనే జాగ్రత్త. మసక మొహంలో లేని వివరాన్ని అవి ఎక్కడి నుంచీ తేలేవు, ఊహించి గీస్తాయి. కళ్లు మెరుస్తాయి, చర్మం నున్నగా అవుతుంది, ఆయన మాత్రం మీ నాన్నగారు కాకుండా పోతారు. నమ్మకం కుదరకపోతే లారీ ముందు భాగం చూడండి. నుదుటి మీద పెయింటర్ రాసిన దేవుడి పేరు, కింద నంబర్ ప్లేటు ఉంటాయి కదా. క్లారిటీ పెంచాక ఆ తెలుగు అక్షరాలు ఏ భాషకీ చెందని వంకరలైపోతాయి, నంబరులో 3 కాస్తా 8 అయిపోతుంది. అక్షరాలనే మార్చేసినప్పుడు మొహాన్ని వదులుతుందా? కాబట్టి అసలు స్కాన్‌ని వేరే ఫోల్డర్‌లో, ఎవరూ ముట్టుకోకుండా ఉంచండి. ఏఐ చేసినదాన్ని స్క్రాప్‌బుక్‌లో పెడితే కింద ఆ మాట రాయండి.

మళ్లీ అతికించేటప్పుడు జిగురు పేజీలు, ఫెవికాల్, టేపు వద్దు. ఆమ్లం లేని కాగితం మీద ఫోటో మూలల్ని పట్టి ఉంచే కార్నర్లు చాలు. కవర్లు కొంటే పీవీసీవి కాకుండా పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. ఫోటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. బాల్‌పెన్ ఒత్తితే ముందుకి గుంటలు పడతాయి.

స్క్రాప్‌బుక్‌లో వేబ్రిడ్జి చీటీ, ఆర్టీసీ టికెట్టు పెట్టి లామినేషన్ చేయించొచ్చా?
*కర్నూలు నుంచి ఒక పాఠకుడు*

వద్దు! మెషీన్ నుంచి వచ్చే ఆ చీటీలు చాలావరకు థర్మల్ కాగితం. దాని మీద అక్షరం సిరాతో పడదు, వేడితో పడుతుంది. వేడి లామినేషన్ మెషీన్‌లో పెడితే చీటీ మొత్తం నల్లగా మాడినట్టు అయిపోతుంది. ఊరికే వదిలేసినా కొన్నేళ్లకి అక్షరాలు వెలిసిపోతాయి. ఇవాళే స్కాన్ చేసి, మామూలు కాగితం మీద ప్రింటు తీసి దాన్ని అతికించండి. అసలు చీటీని కవర్లో వెనక పెట్టుకోండి.

ఏటా విజయవాడ నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఆవకాయ ప్యాక్ చేయడం, నాన్న సూట్‌కేస్ తూచి 23 కిలోలు దాటిందని మళ్లీ విప్పడం, అన్నీ ఫోటోలు తీశాం. వాటితో కాగితం స్క్రాప్‌బుక్ చేస్తున్నాను. అమ్మ వాయిస్ మెసేజ్‌లు క్యూఆర్ కోడ్‌గా అతికిస్తే ఎన్నాళ్లు పనిచేస్తుంది?
*డాలస్ నుంచి ఒక పాఠకురాలు*

ఆ లింకు ఉన్నన్నాళ్లు. క్యూఆర్ కోడ్‌లో గొంతు ఉండదండీ, అది దాచిన చోటు అడ్రసు మాత్రమే ఉంటుంది. ఉచితంగా కోడ్ చేసిచ్చే కొన్ని సైట్లు తమ లింకునే మధ్యలో పెడతాయి. ట్రయల్ గడువు అయ్యాక డబ్బు కట్టకపోతే మీ కోడ్ చచ్చిపోతుంది. బ్రౌజర్‌లోనే, క్రోమ్‌లో షేర్ మెనూ నుంచి కోడ్ చేసుకుంటే ఆ బెడద లేదు.

ముందు ఆ మెసేజ్‌లను వాట్సాప్ నుంచి బయటికి తీసి, ఎంపీ3గా మార్చి, గూగుల్ డ్రైవ్‌లో ఒకచోట, ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఇంకోచోట పెట్టండి. ఆ డ్రైవ్ ఎవరి ఖాతాలో ఉందో చూసుకోండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఇక కోడ్ పక్కనే అమ్మ చెప్పిన మాటల్లో నాలుగు ముక్కలు చేత్తో రాయండి. "మూత మీద టేపు ఇంకో చుట్టు వెయ్యి" అని ఉంటే, రేపు కోడ్ పనిచేయకపోయినా పేజీ ఖాళీగా ఉండదు.

స్క్రాప్‌బుక్ పేజీల మీద తెలుగులో రాస్తుంటే ఒత్తులు విడిపోతున్నాయి. స్టూడియోకి పంపితే ఇంకా ఘోరంగా వస్తోంది.
*విజయనగరం నుంచి ఒక పాఠకుడు*

ఫోటోషాప్ పాత వెర్షన్ వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, ఒత్తులు కుదురుకుంటాయి. స్టూడియోల్లో చాలామంది ఇంకా అను ఫాంట్లతోనే పనిచేస్తారు. అవి ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కాదు. మీరు ఫోన్‌లో టైపు చేసి పంపిన యూనికోడ్ వాక్యాన్ని అక్కడ అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, గురజాడ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఫోటో కింద చిన్న వివరాలకి మండలి, శీర్షికలకి రామభద్ర బాగుంటాయి. పేజీని మీరే పూర్తిచేసి పీడీఎఫ్‌గా పంపండి, ఫాంటు అందులోనే కూర్చుంటుంది. మొత్తం పుస్తకానికి ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క పేజీ ప్రింటు తీయించి, "క్ష్మి", "స్త్రీ" ఉన్న మాటలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.