ఇల్లు అమ్మి వ్యాన్ కొనాలా?

ప్రశ్న: ఫీనిక్స్‌లో ఉంటాం. నాకు 53 ఏళ్లు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది. ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, 401కె (ఉద్యోగంలో కూడబెట్టిన రిటైర్మెంట్ ఖాతా) లోంచి 80,000 డాలర్లు తీసి క్యాంపర్ వ్యాన్ కొని అమెరికా అంతా తిరగాలని ఉంది. పూర్వపు హోబోల గురించి చదివినప్పటి నుంచీ ఇదే ధ్యాస. మా ఆవిడేమో ‘ఈ వయసులో దేశదిమ్మరి బతుకా’ అంటోంది. మీరేమంటారు?

జవాబు: ముందు హోబోల తరఫున ఒక మాట. వాళ్లు దొంగచాటుగా గూడ్సు బండ్లెక్కి గోధుమ కోతలకీ, పళ్ల తోటలకీ పని వెతుక్కుంటూ తిరిగిన కూలీలు. పని చేయకుండా తిరిగేవాణ్ని ‘ట్రాంప్’ అనేవారు. ఆ తేడా దగ్గర వాళ్లకు మహా పట్టింపు. మరి దారిలో మీ సంపాదన ఏమిటి? ఉత్తరంలో ఆ ముక్కే లేదు.

401కె జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. 80,000 తీస్తే ప్లాన్ వాళ్లు 20 శాతం పన్ను కింద పట్టుకుని 64,000 చేతిలో పెడతారు. ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు, ముందే తీసినందుకు 10 శాతం పెనాల్టీ, అంటే ఇంకో 8,000. మీ శ్లాబును బట్టి పన్ను ఇంకా తేలొచ్చు, మీ అరిజోనా రాష్ట్రానికి కట్టేది వేరు. అదే 55 నిండే సంవత్సరంలో గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగం మానితే, ఆ కంపెనీ ప్లాన్‌లోంచి తీసే డబ్బుకు పెనాల్టీ ఉండదు. రెండేళ్లు ఓపిక పట్టండి. ఈలోగా ఎవరో చెప్పారని ఐఆర్ఏకి (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతాకి) మార్చారో, ఈ వెసులుబాటు పోతుంది.

ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. అమ్మకానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు సొంతంగా అందులో ఉండుంటే, దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభంపై పన్ను లేదు (అద్దె కాలంలో ఇంటి తరుగుదల కింద చూపిన డిప్రిసియేషన్ మీద మాత్రం పడుతుంది). అంటే తిరుగుడు మొహం మొత్తిందో లేదో తేల్చుకోవడానికి మీకు దాదాపు మూడేళ్లుంది.

హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్కటి జాగ్రత్త. సొంతంగా కొనే ప్లాన్లలో చాలావాటికి రాష్ట్రం దాటితే ఎమర్జెన్సీ తప్ప కవరేజీ ఉండదు.

ఈ చలికాలం వ్యాన్ అద్దెకు తీసుకుని ఇద్దరూ క్వార్ట్‌జ్‌సైట్ వెళ్లండి, చలికాలంలో వ్యాన్ల వాళ్లు మకాం వేసే ఎడారి ఊరు. ఐ-10 హైవే మీద రెండు గంటలు. మిక్సీ కూడా పట్టుకెళ్లండి. నా క్లయింట్ ఒకాయన సోలార్ ఇన్వర్టర్ మీద కొబ్బరి చట్నీకి మిక్సీ వేస్తే, రెండో తిప్పుకే వ్యాన్‌లో లైట్లన్నీ ఆరిపోయాయి. పెద్ద బ్యాటరీ ఖర్చు ఆయన బడ్జెట్‌లోకి ఆ రాత్రే వచ్చి చేరింది. రెండు వారాలుండి, పెట్టిన ప్రతి డాలరూ రాసి నాకు పంపండి. ఆ లెక్క మీ ఆవిడ చేత రాయించండి.