ఉప్పుగాలిలో ఇంటి లిథియం బ్యాటరీ: సెల్లు కొనడం, జాయింట్లు బిగించడం

మీరు అడిగింది ఇదీ: రాజోలు దగ్గర ఇల్లు, 5 కేవీఏ 48 వోల్టుల సోలార్ ఇన్వర్టరు ఉంది, నాలుగు ట్యూబులర్ బ్యాటరీలూ పోయాయి. వాటి బదులు 280 ఆంపియర్ అవర్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్లు 16 కొని ఇంట్లోనే బిగించుకోవచ్చా, రొయ్యల చెరువు మీద ఏరేటర్లు (నీళ్ళకు గాలి అందించే యంత్రాలు) కూడా దాంతో తిరుగుతాయా అని.

ఏరేటర్ల సంగతి ముందు తేల్చేద్దామండి. తిరగవు. 16 సెల్లు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ పక్కదాని మైనస్‌కు కలిపితే 51.2 వోల్టులు, దాన్ని 280తో గుణించి వెయ్యితో భాగిస్తే 14.3 యూనిట్లు. నికరంగా చేతికొచ్చేది 12 అనుకోండి. రెండు హెచ్‌పీ ఏరేటరు గంటకు యూనిట్నర లాగుతుంది, రాత్రి పది గంటలు తిప్పితే ఒక్కదానికే 15 కావాలి. పైగా త్రీఫేజు మోటారు, స్టార్టింగులో ఐదారు రెట్లు కరెంటు అడుగుతుంది. చెరువుకు డీజిల్ జనరేటరే ఉండనివ్వండి. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు, రాత్రి కొన్ని గంటలు ఏసీ, వీటికి 12 యూనిట్లు హాయిగా సరిపోతాయి.

బిగించుకోవడం మాత్రం నిక్షేపంగా కుదురుతుంది. అయితే అందరూ బుర్రంతా సెల్లు ఎంచడం మీదే పెడతారు. తర్వాత ఇబ్బంది పెట్టేది చాలాసార్లు సెల్లు కాదు, వాటి మధ్య జాయింట్లు. సముద్రం దగ్గరి ఊళ్ళలో మరీను.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. ఒక్కో సెల్లు సీరియల్ నంబరు, కొలిచిన కెపాసిటీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (లోపలి నిరోధం) రాసిన షీటు అడగండి. సెల్లు నెత్తిన ఉండే క్యూఆర్ కోడులోనే తయారైన తేదీ ఉంటుంది. దాన్ని గీకేసి ఉన్నా, పైన ఇంకో స్టిక్కరు అంటించి ఉన్నా వద్దనండి. పాత బస్సుల నుంచి, ఆటోల నుంచి విప్పిన సెల్లకు కొత్త నీలం తొడుగు వేసి అమ్మడం మామూలే. అలాంటి వాటికి టెర్మినల్ చుట్టూ మళ్ళీ వెల్డింగు చేసిన మచ్చ కనబడుతుంది. పక్కలు ఉబ్బినట్టున్నా తీసుకోవద్దు, రెండు సెల్లు బల్లమీద పక్కపక్కన నిలబెడితే తెలిసిపోతుంది.

పార్సిల్ వచ్చాక కిరాణా కొట్టు కాటా చాలు. 280 ఆంపియర్ అవర్ సెల్లు ఒక్కోటి 5.4 కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగాలి, 5 కిలోల లోపు ఉంటే ఆ కెపాసిటీ దాంట్లో లేనట్టే. మల్టీమీటరుతో వోల్టేజీ కొలిచి, సెల్లు మీదే మార్కరుతో తేదీతో సహా రాయండి. అన్నీ 3.28, 3.30 ప్రాంతంలో ఒకదానికొకటి 10 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. పది రోజులు కదపకుండా ఉంచి మళ్ళీ కొలవండి. మిగతావి కదలకుండా ఒక్కటే దిగిందంటే అది లోపల కారిపోతోందని అర్థం. దాన్ని అప్పుడే వెనక్కి పంపాలి, బిగించాక డీలరు ఒప్పుకోడు. వీలైతే 17 కొనండి. రెండేళ్ళ తర్వాత అదే బ్యాచి దొరకదు.

ఇక టాప్ బ్యాలెన్సింగు. 16 సెల్లూ ఒకే స్థాయిలో నిండి ఉంటేనే ప్యాకు పూర్తి కెపాసిటీ ఇస్తుంది. లేకపోతే ఒక్క సెల్లు ముందుగా నిండిపోయి బీఎంఎస్ (ఒక్కో సెల్లునూ కనిపెట్టుకుని ఉండే రక్షణ బోర్డు) మొత్తం చార్జింగును ఆపేస్తుంది. అన్నిటినీ ప్యారలల్‌లో, అంటే ప్లస్‌లన్నీ ఒకటిగా, మైనస్‌లన్నీ ఒకటిగా కలిపి చిన్న పవర్ సప్లైతో నింపమని చెబుతారు గానీ లెక్క వేసుకోండి: 16 సెల్లు 4480 ఆంపియర్ అవర్లు, అందులో 60 శాతం ఖాళీ, 10 ఆంప్స్ సప్లై. పదకొండు రోజులు పడుతుంది. అందుకే ముందు సిరీస్‌లో బిగించి, బీఎంఎస్ పెట్టి, ఇన్వర్టరుతోనే 20 ఆంప్స్ మీద చార్జి చేయండి. ఏదో ఒక సెల్లు 3.60 తాకి బీఎంఎస్ ఆపేశాక విప్పి, ప్యారలల్ చేసి, సప్లైని 3.60 వోల్టులకు పెట్టండి. వైర్లు తగిలించకముందే ఆ వోల్టేజీ పెట్టాలి, తగిలించాక నాబ్ ముట్టుకోకూడదు.

చాలామంది సెల్లు పాడుచేసుకునేది ఇక్కడే. సప్లై మీద 3.60 కనిపిస్తుంది, సెల్లు దగ్గర కొలిస్తే 3.38 ఉంటుంది, త్వరగా నిండుతుందని సప్లైని 4కు పెంచుతారు. ఆ తేడా సన్నటి వైర్లలో పోయే వోల్టేజీ మాత్రమే. సెల్లు నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది, వైర్లలో నష్టం పోతుంది, ఆ 4 వోల్టులూ నేరుగా సెల్లకు ఎక్కుతాయి. పొద్దున్నే లేచి చూస్తే పదహారూ ఉబ్బి ఉంటాయి. తొందరగా కావాలంటే లావు వైర్లు, పొట్టి వైర్లు వేయండి. కరెంటు ఒక ఆంపియరు లోపుకు దిగగానే తీసేయండి, రోజుల తరబడి వదలొద్దు.

సెల్లు టెర్మినల్ అల్యూమినియం. గాలి తగలగానే దాని మీద కరెంటును అడ్డుకునే ఆక్సైడు పొర వస్తుంది. ఉత్త రాగి బస్‌బార్ (సెల్లునూ సెల్లునూ కలిపే పట్టీ) దానికి ఆనించి, మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. అంతర్వేది, నర్సాపురం వైపు ఇనుప గేట్లు ఎలా తుప్పు పడతాయో మీకు తెలియంది కాదు. కాబట్టి నికెల్ పూతో తగరం పూతో ఉన్న రాగి బస్‌బార్లే కొనండి. టెర్మినల్‌ను సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, స్పిరిటుతో తుడిచి, అల్యూమినియం జాయింట్లకు అమ్మే కాంటాక్టు గ్రీజు పల్చగా రాసి, ఐదు నిమిషాల్లోపు బిగించేయండి. వాషరు బస్‌బార్ పైనే ఉండాలి. టెర్మినల్‌కూ బస్‌బార్‌కూ మధ్యలో స్టీలు వాషరు పెడితే కరెంటంతా ఆ వాషరు గుండా పోవాలి, కాలుతుంది. టార్క్ రెంచి కొనండి, ఎం6 నట్టుకు 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు చాలు. మామూలు స్పానరుతో బలం కొద్దీ తిప్పితే అల్యూమినియం మర ఊడుతుంది, ఆ సెల్లు ఇక పనికిరాదు.

ఇంత ఎందుకంటే, సెల్లు సొంత రెసిస్టెన్సే పావు మిల్లీఓమ్ లోపు. జాయింటులో ఒక్క మిల్లీఓమ్ పెరిగినా 100 ఆంప్స్ దగ్గర 10 వాట్ల వేడి ఆ ఒక్కచోటే పుడుతుంది. బీఎంఎస్‌కు ఆ సెల్లు వోల్టేజీ 0.1 తప్పుగా కనిపించి, మంచి సెల్లునే బలహీనమని లెక్కగడుతుంది. బిగించాక హీటరు, ఇస్త్రీపెట్టె రెండూ పెట్టి 60 ఆంప్స్ లాగిస్తూ, మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక సెల్లు టెర్మినల్ నుంచి పక్క సెల్లు టెర్మినల్‌కు కొలవండి. అన్నీ 3 నుంచి 6 దాకా ఉండి ఒక్కటి 15 చూపిస్తే అది విప్పి మళ్ళీ శుభ్రం చేయాల్సిందే.

సెల్లు డబ్బా కూడా అల్యూమినియమే, పైన ఉన్నది పల్చటి ప్లాస్టిక్కు. మధ్య మధ్య అర మిల్లీమీటరు ఎపాక్సీ షీటు పెట్టండి. రెండు కొసలా మందపాటి పలకలు, నాలుగు మరల కడ్డీలతో కదలకుండా పట్టి ఉంచితే చాలు, నొక్కేయక్కర్లేదు. పని చేసేటప్పుడు ఉంగరాలు, గొలుసు, వెండి మొలతాడు అన్నీ తీసేయండి. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ప్లస్ వైపు ప్రతి సెల్లుకూ ఎర్ర స్టిక్కరు వేయండి, ప్యారలల్ నుంచి సిరీస్‌కు మార్చేటప్పుడు ఒక్కటి తిరగబడినా పెద్ద మంటే.

బీఎంఎస్‌కు 17 సన్న వైర్లు ఉంటాయి. ప్లగ్గు బోర్డులో గుచ్చకముందే మైనస్ నుంచి వరసగా కొలవండి: 0, 3.3, 6.6, 9.9 అలా పెరుగుతూ పోవాలి. ఒక్కటి వరస తప్పినా బోర్డు కాలిపోతుంది. 200 ఆంప్స్ బీఎంఎస్, అందులోనే యాక్టివ్ బ్యాలెన్సర్ (ఎక్కువ నిండిన సెల్లులోంచి తీసి తక్కువదాంట్లో పోసేది) ఉన్నది తీసుకోండి. ఓవర్ వోల్టేజీ 3.60, అండర్ వోల్టేజీ 2.80, బ్యాలెన్సింగు మొదలు 3.40 పెట్టండి. 3.40 కంటే కింద ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ బ్యాలెన్సింగు చేయనిస్తే తప్పుడు సెల్లులోంచి తీసి తప్పుడు సెల్లులో పోస్తుంది. ఇన్వర్టరులో బ్యాటరీ రకం ‘యూజర్’ పెట్టి బల్క్ (నింపే వోల్టేజీ) 55.2, ఫ్లోట్ (నిండాక నిలిపే వోల్టేజీ) 53.6, కటాఫ్ (వాడకం ఆపే వోల్టేజీ) 48 ఇవ్వండి. ఈక్వలైజేషన్ (లెడ్ బ్యాటరీలకు ఇచ్చే ఎక్కువ వోల్టేజీ చార్జింగు) తప్పనిసరిగా ఆఫ్.

5 కేవీఏ పూర్తి లోడు మీద 115 ఆంప్స్ దాకా పోతుంది, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, హైడ్రాలిక్ క్రింపింగు చేసిన లగ్గులు వేయించండి. ఫ్యూజు 160 ఆంప్స్, ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో. షార్టయితే ఈ ప్యాకు నుంచి 10 వేల ఆంప్స్ రాగలవు. మామూలు ఏసీ ఎంసీబీ, కారు ఫ్యూజు ఆ డీసీ మంటను తెంచలేవు. డీసీ రేటింగు అచ్చేసి ఉన్న హెచ్‌ఆర్‌సీ ఫ్యూజో క్లాస్ టీ ఫ్యూజో వాడండి. మొదటిసారి ఇన్వర్టరుకు కలిపేటప్పుడు నేరుగా తగిలిస్తే కెపాసిటర్లు ఒక్కసారిగా లాగి నిప్పు రవ్వలొస్తాయి, బీఎంఎస్ షార్టనుకుని ట్రిప్పవుతుంది. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు మధ్యలో పెట్టి పది సెకన్లు ఆగి కలపండి.

ఎక్కడ పెట్టాలన్నది మన దగ్గర చిన్న ప్రశ్న కాదు. డాబా మీద రేకుల గది వద్దు, మే నెలలో లోపల 45 డిగ్రీలు దాటితే సెల్లు ఆయుష్షు త్వరగా తగ్గిపోతుంది. పడకగది, మెట్ల కింద కూడా వద్దు, ఏదైనా జరిగితే బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉత్తరం వైపు గాలాడే గదిలో దిమ్మె కట్టండి. మీది లంక పక్క ఊరైతే 1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్ళను అడిగి, దానికి మూరెడు పైన. బల్లులు, చీమలు బీఎంఎస్ బోర్డు వెచ్చదనానికి చేరి షార్టు చేస్తాయి, గాలి కంతలకు సన్న జాలీ కొట్టించండి.

పదహారు సెల్లే 86 కిలోలు. అందుకే ఎనిమిదేసి చొప్పున రెండు పెట్టెలు చేయండి, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఇద్దరు మనుషులు మేడ మీదకు మోయగలగాలి. విడదీసే వరస మాత్రం మరవొద్దు: ఇన్వర్టరు ఆపాలి, ఫ్యూజు తీయాలి, బీఎంఎస్ సన్న వైర్ల ప్లగ్గు పీకాలి, ఆ తర్వాతే రెండు పెట్టెల మధ్య లింకు. లోడు ఉండగా లింకు ముందు తీస్తే ప్యాకు వోల్టేజీ ఆ సన్న వైర్ల మీద పడి బోర్డు పోతుంది. ఒకవేళ పెట్టె నీళ్ళలో మునిగితే, ఆరాక బాగానే కనిపించినా చార్జి పెట్టొద్దు. ఇంటికి దూరంగా, ఆరుబయట, గడ్డివాములు లేని చోట ఉంచి, ఒక్కో సెల్లూ విడిగా విప్పి కొలిచాకే ఏది ఉంచాలో చూడండి.