చెక్కను నునుపు చేసే ఖరీదైన చిత్రికల అందం పనికొచ్చేదా, వట్టి షోకేనా?

చాలావరకు పనికొచ్చేదే, ఆ అందం ఎక్కువగా పనితనం నుంచే పుట్టింది. గట్టి చెక్కను చిత్రిక పట్టేటప్పుడు పనిముట్టు బరువుగా, నిలకడగా ఉండాలి. లేకపోతే బ్లేడు అదిరి చెక్క మీద అలల్లా గీతలు పడతాయి.

ఇంగ్లండ్‌లో తయారైన పాత నోరిస్ కంపెనీ ఉక్కు చిత్రికనే చూడండి. అడుగు పలక, పక్క పలకలు కలిసేచోట పావురం తోకలా కనిపించేది నగిషీ కాదు, వాటిని విడిపోకుండా పట్టి ఉంచే అతుకు. ఎంత చక్కటి ఆలోచన! లోపల బిగించిన రోజ్‌వుడ్ దిమ్మ బరువు పెంచుతుంది, బ్లేడుకు ఆసరాగా నిలుస్తుంది.

మెరిసే పనిముట్టు కొంటే చెక్కకు నునుపు దానంతటదే వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. బ్లేడుకు సాన పట్టకపోతే నోరిస్ అయినా చెక్క పీచు లేపేస్తుంది.