తుమ్మ కొమ్మ కొట్టొచ్చు, గూడు కదపొద్దు

ప్రశ్న: చంద్రగిరి దగ్గర పన్నెండు సెంట్లలో మా ఇల్లు. పెరట్లో వయ్యారిభామ పీకేసి తంగేడు, కానుగ, నేరేడు పెంచుతున్నాం. మట్టి చట్టిలో నీళ్లు పెడితే పిట్టలు, ముంగిసలు వస్తున్నాయి. ‘మీ చెట్ల వల్లే పాములొస్తున్నాయి, కేసు పెడతా’ అంటున్నాడు పక్క ప్లాటాయన. చూడబోతే ఆయన ప్లాటులోని సర్కారు తుమ్మే మా గోడ దాటి వాలింది. కొట్టించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: కేసు పెట్టనివ్వండి. పాము మీ పెరట్లోంచే వచ్చిందని రుజువు చేయడం మాటలు కాదు. పైగా ఆయన తుమ్మ పొదల కన్నా పాముకు మంచి చోటు ఏముంది? అయితే చట్టిలో నీళ్లు రోజూ మార్చండి. దోమలు పెరిగి పంచాయతీ వాళ్లు నోటీసిస్తే మీ దగ్గర జవాబుండదు. మిగిలిన అన్నం, మాంసం ముక్కలు బయట పారేయకండి. వాటికి కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత దిగుతుంది. మనది శేషాచలం అంచు కదా.

ఇక తుమ్మ. కొమ్మ మీ గోడ దాటినంత మేర కొట్టించుకోవచ్చు, మీ వైపు నిలబడే. ఆయన ప్లాటులో కాలు పెట్టినా, చెట్టు మొదట్లో యాసిడ్ పోసినా కేసు మీ మీదికే తిరుగుతుంది. ముందుగా ఒక ఫోటో తీసి, నాలుగు ముక్కలు రాసి ఆయనకు వాట్సాప్‌లో పంపండి. రేపు కోర్టులో పనికొస్తుంది. 2022 సవరణతో వన్యప్రాణి చట్టంలోకి సర్కారు తుమ్మలాంటి పరాయి జాతి మొక్కల మాట వచ్చిందని కొందరు చెబుతుంటారు. నిజమే, కానీ వాటిని అదుపు చేసే అధికారం కేంద్రానిది, మీ కొడవలిది కాదు.

కొట్టే ముందు కొమ్మల్లోకి తొంగి చూడండి. వేటంటే తుపాకీ అనుకుంటాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల గూడు కదిపినా, గుడ్లు పాడుచేసినా వేటే. పిగిలిపిట్ట గూడు కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి.

నాగుపాము ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. ప్రాణం మీదికొచ్చి ఆత్మరక్షణకు కొడితే వేరు. ఈ ముక్క పక్కాయన చెవిన కూడా వేయండి. పాము కనబడితే అటవీ శాఖకు ఫోన్ చేయడమే ఇద్దరికీ క్షేమం.

మీ స్థలంలోదే అయినా పెద్ద మాను నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, ముందు అనుమతి అడగండి. ఎర్రచందనమైతే పట్టా భూమిలో ఉన్నా సొంతంగా ముట్టుకోవద్దు.

చెప్పినా ఆయన కదలకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (కోర్టు ఆదేశం) అడగాలి. తుమ్మ మాను దారి మీదికి ఒరిగి, పోయేవాళ్ల మీద పడేలా ఉంటే మాత్రం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోండి.