బంగాళాదుంప తవ్విన మడిలో టమాటా నారు పెట్టొచ్చా? లేకపోతే ఏం వేయాలి?

బెంగళూరులో ఇంటి వెనక 10 x 12 అడుగుల మడి, అక్టోబరులో నాటిన బంగాళాదుంప, జనవరి ఆఖరున తవ్వకం, చేతిలో సిద్ధంగా టమాటా నారు. ఇదీ మీరు చెప్పిన పరిస్థితి. ముందు నారు సంగతి: ఈ మడిలో పెట్టకండి. ముదిరిపోకముందే కొత్త మట్టి నింపిన గ్రో బ్యాగుల్లోకి మార్చేయండి. బంగాళాదుంప, టమాటా, వంకాయ, మిరప, క్యాప్సికం అన్నీ ఒకే కుటుంబం. ఒకదానికి వచ్చిన ఎండు తెగులు, వేరుముడి నులిపురుగులు (వేళ్ళలో చేరి ముడులు కట్టించే, కంటికి ఆనని పురుగులు) మట్టిలో ఉండిపోయి తర్వాతి దాన్ని పట్టుకుంటాయి. మన వంటింటికి రోజూ కావలసినవి ఇవే కాబట్టి, చాలా పెరళ్ళలో పంట మార్పిడి అంటే టమాటా పీకి వంకాయ పెట్టడమే అయిపోతుంది. దాన్ని మార్పిడి అనలేం.

తర్వాతి పంట తేల్చే ముందు తవ్విన దుంపల్ని పరీక్షగా చూడండి. మట్టి పరీక్ష కంటే తొందరగా అవే విషయం చెప్తాయి.

నాలుగైదు దుంపలు అడ్డంగా కోయండి. పొట్టుకి కాస్త లోపలగా గోధుమరంగు వలయం కనబడి, నొక్కితే తెల్లటి జిగురు వస్తే అది బాక్టీరియా ఎండు తెగులు. అలాంటి మడిలో ఉల్లి, వెల్లుల్లి, మొక్కజొన్న, క్యాబేజీ లాంటివే వేయాలి. టమాటా కుటుంబాన్ని కనీసం మూడేళ్ళు దూరం పెట్టండి. అల్లం, వేరుశనగ కూడా వద్దు, వాటికీ ఈ బాక్టీరియా అంటుతుంది. బీన్స్ కూడా ఈసారికి మానేయండి.

పొట్టు మీద మొటిమల్లా బొడిపెలు, వేళ్ళకి ముడులు ఉంటే నులిపురుగులు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. బెండ వేరే కుటుంబం కదా అని వేస్తారు. కానీ బెండ, దోస, సొర, బీన్స్ అన్నీ నులిపురుగులకి ఇష్టమైనవే. మొక్క పొట్టిగా ఉండిపోయి, నీళ్ళు పోసినా మధ్యాహ్నానికి వాలిపోతుంటే ఎరువు చాలలేదనుకుంటారు. ఇలాంటి మడికి బంతి మంచి మందు. గట్టున నాలుగు మొక్కలు పెడితే ప్రయోజనం దాదాపు ఉండదు. మడి మొత్తం 25 సెంటీమీటర్ల ఎడంతో నింపి, రెండు నెలలకి తగ్గకుండా ఉంచి, తర్వాత ముక్కలు చేసి మట్టిలో కలపాలి. ఇప్పుడు నారు నాటితే ఉగాది ప్రాంతానికి పూలు వస్తాయి, గుమ్మానికి తోరణం కట్టుకోవచ్చు. పూలు వద్దనుకుంటే జనుము చల్లి, పూత మొదలవగానే కోసి కలిపేయండి.

పొట్టు మీద గరుకు పొక్కులు మాత్రమే ఉంటే గజ్జి తెగులు. దానికి భయపడక్కర్లేదు. అయితే బీట్‌రూట్, ముల్లంగి, క్యారెట్ ఈసారికి మానేయండి, వాటికీ మచ్చలు పడతాయి. సున్నం, కట్టెల బూడిద అసలు వేయొద్దు. మట్టి క్షారం వైపు పోతే గజ్జి ఇంకా పెరుగుతుంది.

ఇవేవీ లేకుండా దుంపలు శుభ్రంగా ఉంటే, ఈ నెలలో నా ఓటు పొద బీన్స్‌కే. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క కోమల్, అర్క సువిధ రెండూ పందిరి అక్కర్లేని రకాలు. వరసల మధ్య 45, గింజల మధ్య 15 సెంటీమీటర్లు, లోతు 3 సెంటీమీటర్లు, గుంటకి రెండు గింజలు. మీ మడికి 100 గ్రాముల విత్తనం చాలు. ఫిబ్రవరి రెండో వారం లోపు వేసేయండి. ఆలస్యం చేస్తే పూత సరిగ్గా ఏప్రిల్ ఎండల్లోకి వెళ్ళి రాలిపోతుంది.

విత్తే ముందు మడిని సర్దాలి. దుంపలు తవ్విన మట్టి మరీ గుల్లగా ఉంటుంది, గింజ లోతుకి జారిపోతుంది. చిన్న దుంపలు, ముక్కలు అన్నీ ఏరి, ఒకసారి బాగా తడిపి, మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, చెక్కతో పైపైన అదమండి. ఏరడంలో బద్ధకించొద్దు. కొత్త దుంపకి నిద్రావస్థ ఉంటుంది కాబట్టి మిగిలిపోయినవి ఇప్పుడు కాక రెండు మూడు నెలల తర్వాత, బీన్స్ కాపు మధ్యలో మొలుస్తాయి, రోగాన్ని కూడా దాచి తెస్తాయి. మాడిన ఆకుల్ని ఇంటి కంపోస్టులో వేయకండి, అది రోగాన్ని చంపేంత వేడెక్కదు.

ఎరువు విషయంలో మడి మొత్తానికి 20 కిలోల బాగా మాగిన కంపోస్టు, కిలో వేపపిండి సరిపోతాయి. యూరియా వద్దు. బంగాళాదుంపకి వేసిన నత్రజని కొంత మిగిలే ఉంటుంది, పైన ఇంకా వేస్తే బీన్స్ ఆకు బాగా వేసి కాయ తక్కువ కాస్తుంది. దుంపకి ఎరువు మరీ దండిగా పోసి ఉంటే ముందు ఒక విడత తోటకూరో మెంతికూరో చల్లండి. 25-30 రోజుల్లో కోసుకోవచ్చు, మిగులు నత్రజనిని అదే లాగేస్తుంది. అప్పటికి బీన్స్ అదును దాటుతుంది కాబట్టి తర్వాత బెండో అలసందో వేసుకోండి.

మొలిచిన మొదటి రెండు వారాల్లో బీన్స్‌కి కాండపు ఈగ భయం. మొక్క పసుపెక్కి వాలితే మొదలు చీల్చి చూడండి, లోపల ఎర్రగా తొలిచి ఉంటుంది. మొదటి ఆకులు విచ్చగానే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. రెండు మూడు వారాలకి మొదళ్ళకి మట్టి ఎగదోస్తే దెబ్బ తిన్న మొక్క కూడా పైన కొత్త వేళ్ళు వేసి నిలబడుతుంది.

ఫిబ్రవరి రెండో వారం దాటితే బీన్స్ వదిలేసి బెండ, లేదా అర్క గరిమ లాంటి అలసంద. అలసందకి పేనుబంక తప్పదు, చివుళ్ళని నీటి ధారతో కడిగితే చాలావరకు పోతుంది. జూన్ వానలకి ముల్లంగో క్యాబేజీయో వేయొచ్చు. లేదా అనపకాయ (సొర కాదు, అనపగింజల చిక్కుడు) నాటితే సంక్రాంతికి గింజలు ఒలుచుకోవచ్చు, నేనైతే అదే వేస్తాను. బంగాళాదుంప మళ్ళీ ఈ మడికి మూడో ఏడాది తర్వాతే. ఈలోగా టమాటా, మిరప, వంకాయ బ్యాగుల్లోనే ఉండనివ్వండి. ఆ బ్యాగులు నింపడానికి ఈ మడి మట్టి తీయొద్దు.