భోగి మంటలో వేసేముందు ఆ పెట్టె తెరిచి చూడు

పాపా,

భోగికి ఇల్లు సర్దుతున్నానని, అటక మీది ట్రంకు పెట్టెలో ఉన్న పాత చందమామలు, బాలమిత్రలు మంటలో వేసేస్తానని రాశావు. వద్దమ్మా. భోగికి పాతవి కాల్చాలన్న మాట పుచ్చిన వాసాలకు, విరిగిన బల్లలకు సరిపోతుంది. ఆ పుస్తకాలు మళ్లీ దొరకవు. చందమామ రావడం ఎప్పుడో ఆగిపోయింది.

అది మన సీమ మనిషి పెట్టిన పత్రిక అని నీకు తెలుసో లేదో. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు కలిసి 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్కుడు, ఆయన భుజాన శవం! ఆ బొమ్మ చూసిన రాత్రి మీ అమ్మ పెరట్లోకి ఒంటరిగా పోయేది కాదు. కొత్త సంచిక వచ్చిందంటే ఎవరు ముందు చదవాలని మా ఇద్దరికీ తగవే.

ముందు ఒక్కొక్కటి తీసి నేల మీద పరుచు. చెదలు తిని పొడిపొడి అయినవి మంటకే ఇవ్వు, బాధపడకు. మిగిలినవాటిలో ధారావాహికలు మాత్రం చింపి బైండు చేయించాలని నీకు అనిపిస్తుంది. చాలామంది అలాగే చేశారు. నాకు అది నచ్చదు. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ, సబ్బుల ప్రకటనలు, అట్ట మీద పెన్సిల్‌తో మీ అమ్మ రాసుకున్న పేరు, ఇవన్నీ ఉంటేనే అది ఆ నెల పుస్తకం.

వాన కారి తడిసినవి ఉంటే తొందరపడకు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు మా కింది అర పుస్తకాలన్నీ బురదనీళ్లలో నానాయి. అప్పుడు నేర్చుకున్నది చెబుతున్నా. తడి కాగితాలను వేళ్లతో విడదీయకూడదు, చిరిగిపోతాయి. ఎండలో పెట్టకూడదు, వంకరపోతాయి. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యమధ్య తెల్ల కాగితాలు పెట్టి అవి తడిసినప్పుడల్లా మార్చాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది కాబట్టి మొదటి రోజే కూర్చోవాలి. నునుపు అట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, లోపలి మామూలు కాగితం మాత్రం చాలావరకు నిలుస్తుంది.

తుప్పు పట్టిన పిన్నులను పుస్తకం మధ్య పేజీ తెరిచి, పల్చటి చాకుతో కాళ్లు పైకి లేపి తీసెయ్యి. అవే రంధ్రాల్లోంచి నూలు దారం ఎక్కించి ముడి వెయ్యి. చినిగిన చోట సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్లకు గోధుమరంగు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేయిస్తే తిరిగి తీయలేవు. పాత నూలు చీర ముక్కలో చుట్టి, పడుకోబెట్టి, బీరువా మధ్య అరలో పెట్టు. ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. ఎండు వేపాకు పెట్టాలంటే గుడ్డలో మూట కట్టి పక్కన పెట్టు, పేజీల మధ్య వద్దు.

అదే పెట్టెలో ఒక రేకు డబ్బా ఉండాలి. బినాకా టూత్‌పేస్టు పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ జంతువులు, గోల్డ్ స్పాట్ సీసా మూతలు అందులో దాచేవాళ్లం. ఏనుగు బొమ్మ కోసం ఇంట్లో పేస్టు అయిపోకముందే కొత్తది కొనమని నాన్నను పీడించేవాళ్లం. మీ తరంలో చిప్స్ ప్యాకెట్లలో టాజోలని గుండ్రటి బొమ్మల బిళ్లలు వచ్చేవి, నువ్వు వాటి కోసమే చిప్స్ కొన్నావు, తిన్నది తక్కువ. మా మూతలకు, నీ టాజోలకు తేడా ఏమీ లేదు పాపా, రెండూ దాచు. బొమ్మలు చిన్నవి, చిన్నోడికి ఇంకా మూడేళ్లు నిండలేదు, నోట్లో పెట్టుకుంటాడు, వాడికి అందనీయకు.

ఇక మంట సంగతి. మా చిన్నప్పుడు ఏడాదికి మూడు మంటలు మా సొంతం అనుకునేవాళ్లం. భోగి, కాముని దహనం, పీర్ల పండుగ గుండం. కాముడి కోసం ఇల్లిల్లూ తిరిగి కట్టెలు అడిగేవాళ్లం. పీర్ల గుండం చుట్టూ హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు అని తేడా లేకుండా తిరిగేవాళ్లం. మీ పిల్లలకు ఆ సంతోషం దక్కాలంటే మంట బాగా వెయ్యి. అడుగున ఎండిన కంది కట్టె, పత్తి కట్టె, పైన మొద్దులు. కరెంటు తీగలకు, గడ్డివాములకు దూరంగా. కిరోసిన్, పెట్రోలు పోయొద్దు. టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దు, ఆ పొగ పిల్లలకే మొదట తగులుతుంది. పిల్లలకు నైలాన్ బట్టలు కాదు, నూలువి తొడుగు. పక్కన బక్కెట్టు నీళ్లు ఉంచు. ఎవరికైనా చెయ్యి కాలితే పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు మామూలు నీళ్ల కింద పెట్టాలి.

మంట ఆరాక ఎండలో చాప వేసి పెద్దదానికి ఒక బేతాళ కథ చదివి వినిపించు. వేలితో పేజీ తిప్పనీ, కాస్త నలిగినా ఫర్వాలేదు. మీ అమ్మను కూడా కూర్చోబెట్టు, తన చేతిరాత చూస్తే ఆ ఏడాది ఏం జరిగిందో తనే చెబుతుంది. నేను సంక్రాంతికి వస్తున్నాను, నూలు దారం, సూదులు తెస్తాను. అప్పటిదాకా పిన్నులు తీసిన పుస్తకాలను విడిగా పెట్టి ఉంచు.

మీ పెద్దమామ,
కర్నూలు